నాలుగు శాలువాలూ, రెండు కాళ్ళూ

కాలు విరిగితే చూడడానికి వచ్చేవాళ్ళు బత్తాయిలు తెస్తారు. కాలు ఊరికే ఉండనివ్వడం లేదని చెబితే బత్తాయిలు రావు, సలహాలు వస్తాయి. రెండేళ్ళలో నాకు అందిన సలహాలు బత్తాయిలై ఉంటే ఈపాటికి బూర్గంపాడు సెంటర్లో జ్యూస్ బండి పెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు కాస్త నిద్ర పడుతోంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. కూర్చుని అన్న మాట ఎంత తేలిగ్గా వాడేశానో చూడండి. పోయిన ఏడాది ఈ రోజుల్లో అది నాకు చాలా పెద్ద మాట. సాయంత్రం పూట ఇంట్లో అందరూ కూర్చుని టీవీ చూస్తుంటే గోడ పక్కన నిలబడి ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతూ ఉండేవాళ్ళు ఎక్కడైనా ఉంటే, ఇది వాళ్ళ కోసం. డాక్టర్లు కూడా చదవొచ్చు. అలవాటు ప్రకారం మొదటి రెండు ముక్కలు చదివి మందు రాసేసినా నేనేమీ అనుకోను.

మొదటి చలికాలం

మాది బూర్గంపాడు. రోజూ గోదావరి వంతెన దాటి భద్రాచలంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. నా భార్య సుగుణ ఏఎన్ఎం, ఊళ్ళు తిరిగే సర్కారు నర్సు. ఆమె సబ్‌సెంటర్ మాకు ఇటువైపు, అడవిలోపలి కోయగూడెంలో. పొద్దున ఆమెను బండి మీద అక్కడ దింపి, వెనక్కి వచ్చి, వంతెన దాటి కాలేజీకి పోవడం నా దినచర్య. ఆమె చేతిలో మందుల సంచి ఉంటుంది. గర్భిణులకు ఇచ్చే ఎర్ర ఇనుము బిళ్ళలు అందులోనే. ఆ సంచి ప్రతిరోజూ నా వీపుకీ ఆమె ఒడికీ మధ్య ప్రయాణం చేసేది. ఈ సంగతి గుర్తుంచుకోండి. మేం గుర్తుంచుకోలేదు.

నేను రక్తదాతను కూడా. భద్రాచలంలో మా సంఘం ఉంది. నెలనెలా రక్తం ఎక్కించుకోవలసిన పిల్లలు ఈ జిల్లాల్లో తక్కువేం లేరు. మూడు నెలలు నిండగానే పోయి చెయ్యి చాపేవాణ్ణి. ఏళ్ళ తరబడి. నాకున్న ఒకే ఒక్క మంచి అలవాటు అదేనని సుగుణ అంటుంది. దానికి గుర్తుగా నాలుగు శాలువాలు బీరువాలో ఉన్నాయి.

ఆ చలికాలం కాళ్ళు మొదలుపెట్టాయి. నొప్పి కాదు. తిమ్మిరి కాదు. దురద అసలే కాదు. పిక్కల లోపల, చెయ్యి పోని చోట, ఎవరో గోలీసోడా కొట్టి వదిలినట్టు. పొద్దంతా ఏమీ ఉండదు. చీకటిపడ్డాక కూర్చుంటే వస్తుంది, లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ వస్తుంది. పడుకుంటే మరీ. ఊరు పడుకున్నాక నేను వాకిట్లో పచార్లు చేసేవాణ్ణి. కుక్కలు మొదట్లో మొరిగేవి. నెల తిరిగేసరికి తోకలు ఊపేవి. నా జబ్బును మొదట అంగీకరించినవి అవే.

మా వీధి ఆర్ఎంపీ దగ్గరికి పోయాను. అడవి పక్క ఊళ్ళలో ఒక సౌకర్యం ఉంది. ఏ బాధతో పోయినా ముందు వేలికి సూది గుచ్చి మలేరియా చూస్తారు. కాలు బెణికినా సరే. మలేరియా లేదని తేలింది. ఆయన కొంచెం నిరాశపడ్డాడు.

"కూసుంటే గుంజుతయి, నడిస్తే తగ్గుతయి" అని చెప్పాను.

"మరి నడువు సార్" అన్నాడు. "కాళ్ళే ఎక్సర్‌సైజు అడుగుతుంటే జబ్బంటవేంది?"

నిద్ర కోసమని జలుబు, దురదలకు వేసే సూది ఒకటి వేశాడు. నాలాంటి కాళ్ళకు ఆ మందు పడదని, ఉన్న బాధను రెట్టింపు చేస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రాత్రి కుక్కలు కూడా నాతో నడవలేక కూర్చున్నాయి.

అప్పుడే కల్లూరు నుంచి మా అత్తగారు వచ్చింది. ఆమె నా కాళ్ళ వంక చూడలేదు, నా మొహం వంక చూసింది.

"అల్లుడుగారూ, ఏమనుకోకండి. తాగుడు మానినోళ్ళకి ఇట్లా కాళ్ళు కొట్టుకుంటాయంట."

"నేను తాగను గదా అత్తయ్యా."

"అదే, మానేశారు గదా" అంది.

పోతూ పోతూ రెండు కాళ్ళకీ నల్లదారాలు కట్టి పోయింది. దారాల వల్ల కాళ్ళు ఆగలేదు గానీ, ఎటు పోతున్నాయో బాగా కనబడేది.

తర్వాత భద్రాచలంలో పెద్ద డాక్టరు. ఈయన మా సంఘానికి గౌరవ సలహాదారు. నా నాలుగు శాలువాల్లో మూడు ఆయన చేతుల మీదుగా కప్పినవే. ఆయన గదిలో కుర్చీ వెనకాల గోడ మీద ఫొటో ఉంటుంది. అందులో ఆయన నవ్వుతుంటాడు, నేను శాలువాలో ఉంటాను. ఆ ఫొటో కిందే కూర్చుని నా రక్తపరీక్ష కాగితం చూశాడు.

"హీమోగ్లోబిన్ పెళ్ళికొడుకులాగ ఉందయ్యా. నువ్వు రక్తదాతవు. నీకేమయితది?"

"కాళ్ళు సార్..."

"టెన్షన్. ప్రైవేటు కాలేజీ గదా. యోగా చెయ్యి."

యోగా చేశాను. అందులో చివరికి కదలకుండా పడుకునే ఆసనం ఒకటి ఉంది. ఆ ఆసనం నాకూ మా యోగా మాస్టారికీ మధ్య సంబంధాలు దెబ్బతీసింది.

మిరప కల్లాల రోజులు

రెండో చలికాలం కూడా అలాగే గడిచాక, ఖమ్మంలో నరాల డాక్టరు ఉన్నాడని ఎవరో చెప్పారు. పొద్దున బస్సుకు పోయి టోకెన్ తీసుకున్నాం. ఆ హాల్లో కుర్చీల్లో ఉన్నంత మంది గోడల వెంబడి ఉన్నారు. మిరప కల్లాలు వదిలి వచ్చినవాళ్ళు, ఇల్లందు నుంచి వచ్చిన బొగ్గుబాయి పెన్షనర్లు. ఒకరి జబ్బు ఒకరికి చెప్పుకోవడం అయిపోయి, ఒకరి అల్లుడి గురించి ఒకరు చెప్పుకునే దశకు వచ్చేసరికి సాయంత్రమైంది. నేను గోడ దగ్గర నడక మొదలుపెట్టాను. "ఆ సార్‌కు జల్దీ ఉన్నట్టుంది" అని ఒక పెన్షనర్ నన్ను ముందుకు పంపబోయాడు. నాకు జల్దీ లేదు, నా కాళ్ళకు ఉంది. ఆ సంగతి వివరించే ఓపిక లేక ఆయన మంచితనాన్ని తీసుకున్నాను.

లోపల డాక్టరు నేను రెండో వాక్యంలో ఉండగానే రాయడం మొదలుపెట్టాడు. న్యాయంగా చెప్పాలి, నా బాధకు పేరు పెట్టిన మొదటి మనిషి ఆయనే. "రెస్ట్‌లెస్ లెగ్స్" అన్నాడు. ఊరుకోని కాళ్ళు. ఇంత చదువూ చదివి ఇదేం పేరు అనిపించింది. మా కుక్కలు కూడా పెట్టగలిగేవి. కానీ పేరున్న జబ్బంటే పిచ్చి కాదని అర్థం. ఆ మాటకే సుగుణ కళ్ళు తుడుచుకుంది.

తిరుగు బస్సులో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. కండక్టరు "సీట్లు ఉన్నయి గద సార్, కూసోండి" అన్నాడు. కూర్చోలేనని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. తన సంచి పక్కకు జరిపి ఆనుకోవడానికి చోటిచ్చాడు. "నా నడుము సంగతి మీకేం ఎరుక. నేను గూడ ఇరవై ఏండ్ల సంది నిలబడే వస్తున్న" అన్నాడు. ఆ రెండేళ్ళలో సలహా ఇవ్వకుండా చోటిచ్చిన మనిషి ఆయనొక్కడే.

ఆ రాత్రి డాక్టరు బిళ్ళ వేసుకున్నాను. నిద్రపోయాను. ఎంత నిద్రపోయానంటే సుగుణ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. ఆ డాక్టరును దేవుడనుకున్నాను. దేవుళ్ళతో వచ్చే చిక్కే ఈయనతోనూ వచ్చింది. రెండోసారి మొక్కితే వినడు.

వానలు

కొన్ని నెలలకు బాధ తిరిగొచ్చింది. ఈసారి చీకటిపడేదాకా ఆగలేదు, మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చేది. ఖమ్మం పోయాను.

"పెంచుదాం" అన్నాడు డాక్టరు.

పెంచాడు. కొన్నాళ్ళు బాగుంది. తర్వాత పొద్దున్నే మొదలైంది, చేతుల్లోకి కూడా పాకింది. మళ్ళీ పోయి చేతుల సంగతి చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే "పెంచుదాం" అన్నాడు. మా కాలేజీ మేనేజ్‌మెంట్ ఫీజుల గురించి కూడా ఇదే మాట వాడుతుంది, వాళ్ళు కనీసం కారణం చెబుతారు. ఆ బిళ్ళ కొందరిలో మొదట తగ్గించి తర్వాత తనే బాధను పెంచుతుందని నాకు తెలియదు. ఆయనకు తెలుసేమో. నేను రెండో వాక్యం దాటి ఉంటే చెప్పేవాడేమో.

క్లాసులో గోడ నుంచి గోడకు తిరుగుతూ పాఠం చెప్పేవాణ్ణి. పిల్లలు నాకు మార్చ్‌పాస్ట్ సార్ అని పేరు పెట్టారు. ఇంట్లో సుగుణ వేరే మంచం వేసుకుంది. నిద్రలో తంతున్నానట. నాతో పోట్లాడి వేసుకుని ఉంటే సర్దిచెప్పేవాణ్ణి. ఆమె దుప్పటి మడతపెట్టుకుని మర్యాదగా వెళ్ళింది.

రాత్రి రాని నిద్ర పొద్దున బండి మీద వచ్చేది. వెనక కూర్చుని సుగుణ నా నడుము మీద గిల్లుతూ ఉండేది. ఆమె గిల్లుళ్ళ మీదే ఆ అడవి దారి దాటేవాళ్ళం. ఒకరోజు వాన వెలిసిన పొద్దున ఆమె ఫోన్లో ఆశా కార్యకర్తతో మాట్లాడుతోంది. గిల్లలేదు. కళ్ళు తెరిచేసరికి బండి కల్వర్టు పక్క బురదలో ఉంది, నేను బండి మీద ఉన్నాను, సుగుణ అంత దూరంలో చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. సంచి చినిగి ఎర్ర బిళ్ళల అట్టలు దారి పొడవునా పడ్డాయి.

కలుపు తీయడానికి పోతున్న గూడెం ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో వాళ్ళు కోయలో ఏదో అనుకున్నారు. ఒక పెద్దామె తన తలగుడ్డ విప్పి సుగుణ చెయ్యి మెడకు కట్టింది. "కదపకు సిస్టరమ్మా" అంది. మిగిలినవాళ్ళు ఒక్కో అట్టా ఏరి, బురద కొంగులతో తుడిచి, ఆమె ఒళ్ళో పెట్టారు. బండి లేపి నా చేతికి ఇవ్వకుండా పక్కన నిలబెట్టారు. వాళ్ళ అభిప్రాయం తెలిసింది.

"నిద్రపోయినరా?" అని అడిగింది సుగుణ.

"నిద్రపోలేదు. కళ్ళు మూసుకున్న, అంతే."



ఎడమ మణికట్టు విరిగింది. కట్టు వేయించుకుని ఇంటికొచ్చాక నెమ్మదిగా ఒక మాట చెప్పింది. "రేపటి సంది నేను ఆటోల పోత. మీరు తిన్నగ కాలేజికి పోండి." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను చాలా మాటలు అంది. ఇంత మెత్తటిది ఎప్పుడూ అనలేదు. మంచం పోయింది, ఇప్పుడు బండి వెనక సీటు కూడా పోయింది. పరామర్శకు వచ్చిన అత్తగారు వాకిట్లో ఎవరితోనో "మళ్ళీ మొదలుపెట్టాడంట" అంటుంటే వినబడింది. చూడడానికి వచ్చినవాళ్ళు బత్తాయిలు తెచ్చారు, అవి సుగుణకు.

దసరా దాటాక

"ఆ టోకెన్ల దేవుడి దగ్గరికైతే నేను రాను" అంది సుగుణ. "ఖమ్మంలనే ఒక మేడం ఉందట, మా మెడికల్ ఆఫీసర్ చెప్పిండు. ఆడికి పోదాం. ఈసారి నేను మాట్లాడుత."

మేడం హాల్లో జనం పెద్దగా లేరు. జనం లేని డాక్టరంటే మనకు అనుమానం కదా, నాకూ వచ్చింది. లోపలికి పోయాక తెలిసింది, ఒక్కొక్కరినీ చెప్పేది అయిపోయేదాకా వింటే రోజుకు అంతకంటే జనం పట్టరు.

"చెప్పండి" అంది. చెప్పాను. రెండో వాక్యం అయింది. ఆవిడ రాయడం లేదు. మూడో వాక్యం నా దగ్గర సిద్ధంగా లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. తడబడ్డాను.

"ఏ పూట మొదలవుతుంది? నడిస్తే తగ్గుతుందా? బిళ్ళ పెంచాక ముందే వస్తోందా?" అని ఒక్కోటీ అడిగి, సుగుణ వైపు తిరిగింది. "నిద్రలో కాళ్ళు తంతారా?"

"తంతరు మేడం. మూడు నెలల సంది వేరే మంచం."

"రక్తం ఎప్పుడైనా ఇచ్చారా?" అని నన్ను అడిగింది.

నేను కుర్చీలో సర్దుకున్నాను. రెండేళ్ళలో నాకు జవాబు బాగా తెలిసిన ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు. "ఎప్పుడైనా కాదు మేడం. మూడు నెలలకోసారి. ఏళ్ళుగా. నాలుగు శాలువాలు కప్పారు."

"ఎవరు?"

"డాక్టర్లే."

ఆవిడ నవ్వలేదు. అందుకే నమ్మకం కుదిరింది. ఒక పరీక్ష రాసింది. రక్తంలో తిరిగే ఇనుము కాదు, ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతుందో చూసే పరీక్ష. ఫెరిటిన్ అంటారు. కాగితం వచ్చాక మా ఇద్దరి ముందూ పెట్టింది.

"హీమోగ్లోబిన్ షాపు ముందర సర్దిన సరుకు లాంటిది. అది బాగానే ఉంది. అందరూ అదే చూశారు. ఇది గోడౌన్. మీ గోడౌన్ ఖాళీ. ఈ కాళ్ళ బాధ కొందరికి దాని వల్ల ముదురుతుంది."

సుగుణ కట్టు లేని చేత్తో ఒళ్ళోని సంచిని తడుముకుంది.

"ఇనుమా మేడం? నేను ఏఎన్ఎంను, నా సంచిల ఉన్నవే గదా."

"ఆ బిళ్ళలు రోజూ వేసుకోమని, టీతో మింగితే ఒంటికి పట్టవని గర్భిణులకు మీరు చెబుతూనే ఉంటారుగా."

"గూడెం మొత్తం చెప్త. ఈయనకెప్పుడు చెప్పలే. గర్భిణి గాదు గదా."

అప్పుడు నవ్వింది మేడం. సుగుణ నవ్వడానికి ఇంకొంచెం టైం పట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను పైకి ఫ్యాను వంక చూశాను. మంచి ఫ్యాను.

బిళ్ళలతో నింపడానికి చాలాకాలం పడుతుందని ఇనుము సెలైన్‌లో ఎక్కించారు. పాత బిళ్ళను మెల్లమెల్లగా తగ్గించి వేరేది పెట్టారు. ఆ తగ్గించిన వారాల గురించి ఎక్కువ రాయను. అంతకుముందు నేను బాధ అనుకున్నదంతా రిహార్సల్ అని తెలిసింది. సుగుణ కట్టు చేత్తోనే నాకు తోడుగా వాకిట్లో నడిచింది. ఆ మాట ఒకటి చాలు.

"పూర్తిగా పోతుందని చెప్పను" అంది మేడం. "అదుపులో ఉంటుంది. జలుబుకో వాంతులకో ఎవరైనా మందు రాస్తుంటే ముందే ఈ జబ్బు ఉందని చెప్పండి. గోడౌన్ నిండేదాకా రక్తం ఇవ్వొద్దు. తర్వాత సంగతి తర్వాత." చేయగలిగింది ఇంత, చేయలేనిది ఇంత అని గీత గీసి చెప్పిన డాక్టరును నేను ఆ రోజే చూశాను. అలాంటివాళ్ళు ఉంటారని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు

రక్తం ఇవ్వనని చెబితే మా సంఘం సెక్రటరీ సత్యమన్న ఇంటికి వచ్చాడు. కులం తప్పినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"గట్లెట్ల తమ్మీ. వెండి మెమెంటో మీద నీ పేరు చెక్కించినం. ఒక్కసారి ఇచ్చి పోరాదు?"

"పేరు చెరిపేస్తే సరిపాయె అన్నా."

"వెండి గద, గీకితే తరుగు పోతది" అన్నాడు బాధగా.

రక్తం ఇవ్వొద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు. ఆ పిల్లలకు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇచ్చేవాడి గోడౌన్ కూడా ఎవరో ఒకరు చూడాలి అంటున్నాను. శాలువా కప్పే చెయ్యి కొంచెం కిందికి దిగి నాడి చూస్తే చాలు. సత్యమన్న ఆలోచిస్తానన్నాడు. ఇప్పుడు దాతలను పరీక్ష చేయించుకోమని చెబుతున్నాడట. ఆ మేరకు నా కాళ్ళు సమాజసేవ చేశాయి.

భద్రాచలం డాక్టరు గారికి కూడా సంగతి చెప్పాను. ఆయన కుర్చీ వెనక ఫొటోలో నేను ఇంకా శాలువాలోనే ఉన్నాను. "ఫెరిటిన్ కదా" అన్నాడు. "అప్పుడే చేయిద్దామనుకున్న." నేను నమస్కారం పెట్టి వచ్చాను. అంతకంటే అవమానకరమైంది నాకేదీ తోచలేదు.

సాయంత్రాలు ఇప్పుడు చాలావరకు కూర్చుంటున్నాను. అప్పుడప్పుడు కాళ్ళు గుర్తుచేస్తాయి, లేచి నాలుగడుగులు వేస్తాను. కుక్కలు పాత పరిచయంతో లేచి వస్తాయి. దుప్పటి మా మంచం మీదికి తిరిగొచ్చింది. ఆటో మాత్రం నడుస్తూనే ఉంది. సుగుణ కట్టు విప్పాక కూడా ఆటోలోనే పోయింది. నేను అడగలేదు. అడిగే హక్కు కల్వర్టు దగ్గర పడిపోయింది.

మొన్న చలి బాగా ఉన్న పొద్దున ఆటో రాలేదు. సుగుణ గేటు దగ్గర కాసేపు నిలబడింది. లోపలికి వచ్చి బీరువా తెరిచి, శాలువాల్లో మందంగా ఉన్నది తీసి చుట్టుకుంది. నా ముందుకొచ్చి నా కళ్ళలోకి, వాళ్ళ మెడికల్ ఆఫీసర్ పేషెంటు కళ్ళలోకి చూసినట్టు చూసింది.

"రాత్రి ఎన్ని గంటలు పడుకున్నరు?"

"తెల్లారేదాక."

"పోదాం పాండ్రి."

ఊరు దాటేదాకా నడుము మీద వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. టేకుచెట్ల దగ్గరికి వచ్చేసరికి ఒకసారి గిల్లింది, అలవాటుకు. కల్వర్టు వస్తుంటే సంచిని గట్టిగా పట్టుకోవడం తెలిసింది. నేను బండి నెమ్మది చేసి కల్వర్టు దాటించాను. మంచు ఇంకా విడలేదు. కొంచెం దూరం పోయాక వేళ్ళు వదులయ్యాయి. తర్వాత వీపు మీద బరువుగా ఏదో ఆనింది. ముందు సంచి అనుకున్నాను. సంచి గురక పెట్టదు.

మిగిలిన దారంతా గుంతలు చూసుకుంటూ నడిపాను. సబ్‌సెంటర్ ముందు బండి ఆపి, స్టాండు వేయకుండా, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి అలాగే కూర్చున్నాను. అవి కదలలేదు.

ఆమె ఉలిక్కిపడి లేచి, శాలువా సర్దుకుని దిగింది.

"నేనేం నిద్రపోలే" అంది. "కళ్ళు మూసుకున్న, అంతే."